స్పీకరు మీద అరచెయ్యి

పాత గ్రామఫోను రికార్డులకు ఈమధ్య మళ్ళీ మోజు వచ్చిందట. ఆ పనిలోకి దిగాలనుకునే యువకులు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. వచ్చినవాళ్ళ మొదటి ప్రశ్న ఒకటే: "ఏ సాఫ్ట్‌వేర్ వాడేవారు సార్?" ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వంట నేర్చుకుందామని వచ్చి, గరిటె ఎక్కడ కొన్నారని అడిగినట్టుంటుంది. అందుకే ఒకసారి కూర్చుని రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ పేర్లు ఇందులో ఉండవు. అవన్నీ నాకంటే ముందే రిటైరైపోయాయి.

భివండిలో పదేళ్ళకు పైగా రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించి సీడీలుగా రాసి ఇచ్చాను. ఊళ్ళో ఆ పని నా అంత బాగా చేసినవాళ్ళు లేరని ఇప్పటికీ గట్టిగానే చెబుతాను. కానీ బాగా చేసినవాటిని పక్కన పెట్టి, చెడగొట్టిన ఒకదాని గురించే ఎక్కువ రాస్తాను. నాకు పని వచ్చింది దానివల్లే.

పనంటే ఇదీ

మాది నేత నేసే సాలోళ్ళ ఇల్లు. నాన్న కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి ఇక్కడ సాంచెల మీద పనిచేశాడు. మరమగ్గాన్ని మేము సాంచె అంటాం. నాకు చదువు అబ్బలేదు. సాంచెల మోటార్లు బాగుచేసే పనిలో పడి, అక్కడి నుంచి రేడియోలు, టేప్‌రికార్డర్లు, లౌడ్‌స్పీకర్ల మరమ్మతులోకి జారాను. తొంభైల చివర్లో ఒక కంప్యూటర్, ఒక సీడీ రైటర్ తెచ్చుకుని శాంతి నగర్‌లో ఒక మేడమీది గదిలో దుకాణం పెట్టాను. కింద ఇరవై నాలుగు సాంచెల కార్ఖానా.

పని చెప్పుకోవడానికి తేలిక. రికార్డును (మావాళ్ళు ప్లేటంటారు) కడగాలి, ఆరబెట్టాలి, పళ్ళెం మీద తిప్పుతూ ముల్లు పెట్టాలి, వచ్చే పాటను కంప్యూటర్‌లోకి తీసుకోవాలి, చిటపటలు తగ్గించాలి, సీడీ మీద రాయాలి. చెయ్యడానికి మాత్రం ఓపిక కావాలి. ఇరవై నిమిషాల పాట ఎక్కడానికి ఇరవై నిమిషాలూ పడుతుంది, ఎంత తొందరపెట్టినా అంతే. అంతసేపూ పక్కన కూర్చుని వినాలి. ముల్లు పెట్టి చాయ్ తాగడానికి పోయేవాడు ఈ పనికి పనికిరాడు. రికార్డు ఎక్కడో ఒక గీత దగ్గర ఇరుక్కుని ఒకే మాట వందసార్లు పాడుతుంటుంది, మీరేమో చాయ్ దుకాణంలో రాజకీయాలు మాట్లాడుతుంటారు.

మా ఊళ్ళో దీనికి తోడు రెండు సొంత బాధలు. ఒకటి నూగు. సాంచెల ఊళ్ళో గాలి నిండా దూది నూగే. కడిగి ఆరబెట్టిన రికార్డు మీద చాయ్ చల్లారేలోపు తెల్లటి పొర పడుతుంది. అందుకని తలుపుకు తడి దుప్పటి వేలాడదీసి దాని వెనక పనిచేసేవాణ్ణి. రెండోది అదురు. కింద ఇరవై నాలుగు సాంచెలు నడుస్తుంటే ఆ అదురు గోడల్లోంచి, బల్లలోంచి ముల్లులోకి ఎక్కేది. ప్రతి పాట వెనకా సన్నగా కార్ఖానా మోగుతుండేది. బల్ల మీద షాబాదు బండ వేశాను, బండ కింద సగం గాలి కొట్టిన సైకిల్ ట్యూబులు పెట్టాను. సగం తగ్గింది.

మిగతా సగానికి నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. వారానికి ఒకరోజు మా పేటకు కరెంటు ఉండేది కాదు. సాంచెలన్నీ ఆగిపోయేవి. మన మాట మనకే పెద్దగా వినిపించేంత నిశ్శబ్దం. ఆ రోజు కింది సేఠ్ తన ఆఫీసు లైట్లకు, ఫ్యాన్లకు జనరేటర్ నడిపేవాడు. అడిగి దానిలోంచి ఒక వైరు పైకి లాక్కున్నాను. అదురు లేదు, కరెంటు ఉంది! వారమంతా రికార్డులు కడిగి సిద్ధం చేసుకుని, తిప్పడం మాత్రం ఆ రోజు తిప్పేవాణ్ణి. ఈ తెలివి గురించి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి.

ఉస్తాద్ చెప్పిన రెండు మాటలు

నాకు పని నేర్పినవాడు కరీం ఉస్తాద్, లౌడ్‌స్పీకర్ల మెకానిక్కు. మాటలు తక్కువ, తిట్లు ఎక్కువ. రికార్డును కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని, పాట ఎక్కడ ఇరుక్కుంటుందో ముల్లు పెట్టకముందే చెప్పేవాడు. కంప్యూటర్‌ను ముట్టుకునేవాడు కాదు గాని, వచ్చి కూర్చుని వినేవాడు.

కొత్తలో నాకు చిటపటలంటే పగ. ఒక కార్ఖానా యజమాని తన తండ్రి నడిపిన భజన మండలి రికార్డు తెచ్చాడు. చిటపట అన్నదే వినబడకుండా చేసి, ఉస్తాద్‌ను పిలిచి గర్వంగా వినిపించాను. ఆయన మొత్తం విని, తాళాలు ఎక్కడికి పోయాయని అడిగాడు. నిజమే. చిటపటలతో పాటు తాళాలూ చిడతలూ కొట్టుకుపోయాయి. గొంతులు బావిలోంచి వస్తున్నట్టున్నాయి. "సాఫ్ కరో బేటా, హజామత్ మత్ కరో" అన్నాడు. శుభ్రం చెయ్యమన్నారు గాని గుండు కొట్టమన్నారా అని. మొత్తం మళ్ళీ చేశాను.

ఆయన రెండో మాట ఇది: "గిరాక్ నై బోలా తో పహలే మషీన్ పే శక్ కర్, ఫిర్ అప్నే పే. గిరాక్ పే సబ్‌సే ఆఖిర్ మే." గిరాకీ, అంటే పని తెచ్చిన మనిషి, బాగాలేదంటే అనుమానం ముందు యంత్రం మీద, తర్వాత నీ మీద, గిరాకీ మీద అన్నిటికంటే చివర. మొదటి మాట అప్పుడే చెవికెక్కింది. రెండోది ఎక్కడానికి యాకోబు రికార్డు కావలసివచ్చింది.

ఆ సంగతికి ముందు, కాదన్న పనుల గురించి ఒక్క మాట. కొత్త సినిమా పాటల సీడీలు వందల కొద్దీ కాపీ కొట్టి ఇమ్మని దుకాణదారులు వచ్చేవారు. నేను చెయ్యలేదు. అది ఈ పని కాదు, జిరాక్సు పని. ఒక పెద్దమనిషి తన తండ్రి పాడిన పాటకు ముందు తన పేరు, తన కార్ఖానా పేరు మైకులో చెప్పి కలపమన్నాడు. "మీ నాయిన పాట ఇనేటోళ్ళకు మీ కార్ఖానా అడ్రస్ ఎందుకు?" అన్నాను. ఆయన మళ్ళీ రాలేదు, నాకూ బాధ కలగలేదు. ఇలా ఎవరికైనా మొహం మీదే చెప్పేసేవాణ్ణి. నా మాట మీద నాకంత నమ్మకం. ఆ నమ్మకమే ఒకచోట నన్ను ముంచింది.

యాకోబు రికార్డు

రెండు వేలు దాటిన కొత్తలో ఒకరోజు ఇద్దరు ఆడవాళ్ళు మెట్లెక్కి వచ్చారు. ముందు వచ్చిన అమ్మాయి రూతు. పాతికేళ్ళుంటాయి, బట్టల దుకాణంలో పని. వెనక ఆమె తల్లి సువార్తమ్మ, ముప్పై ఏళ్ళు కార్ఖానాలో నూలు కండెలు చుట్టిన మనిషి. రూతు నోరు తెరవగానే నేను తలెత్తి చూశాను. అంత బక్క పిల్లకు అంత బరువైన గొంతు! అది ఆమెకూ తెలుసు కాబోలు, చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది.

సంచిలోంచి ఒక చిన్న రికార్డు తీసింది. ఆమె తండ్రి యాకోబు శాంతి నగర్‌లోని తెలుగు క్రైస్తవుల సంఘంలో పాటలు పాడేవాడు. ఎప్పుడో బయటి ఊరి నుంచి వచ్చిన ప్రచారకులు ఆయన పాట ఒకటి రికార్డు చేయించి, కొన్ని ప్రతులు పంచిపెట్టారు. మిగిలింది ఇదొక్కటే. రూతు పుట్టకముందే యాకోబు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఇంట్లో రికార్డు ఉంది గాని, దాన్ని తిప్పే యంత్రం ఎన్నడూ లేదు.

"నేను మా నాయిన గొంతు ఇప్పటిదాంక ఇనలే అన్నా," అంది రూతు. "నా గొంతు అచ్చం నాయిన గొంతే అంటది అవ్వ. చర్చిల పోరిలు నా గొంతు ఇని నవ్వుతరు. గందుకని నన్ను ఊకోబెట్టనీకి అంటదో, సచ్చీ అంటదో ఎర్క లేదు. ఒకపారి ఇంటె తెలుస్తది గద."

గిరాకీ తెచ్చే ప్రతి రికార్డు వెనకా ఏదో ఒక ప్రశ్న ఉంటుంది. ఇంత సూటిగా బయటపెట్టేవాళ్ళు తక్కువ. ఆ పిల్ల మీద నాకు ఇష్టం కలిగింది. కరెంటు లేని రోజు దాకా ఆగి, జనరేటర్ మీద, అదురు లేని గదిలో ఎంతో శ్రద్ధగా ఆ రికార్డు తిప్పాను. చిటపటలు కొంచెమే తగ్గించాను. సీడీ మీద యాకోబు పేరు గుండ్రటి అక్షరాలతో రాశాను.

వాళ్ళు వచ్చిన రోజు స్పీకరులో పెట్టి వినిపించాను. కంజిర దెబ్బ మీద ఒక మగగొంతు, సన్నగా, హుషారుగా సాగింది. రూతు కాసేపు విని తల దించుకుంది.

సువార్తమ్మ మనలా వినలేదు. సాంచెల మధ్య బతుకు గడిపినవాళ్ళకు చెవులు సగం పోతాయి, పెదవులు చూసి మాట పోల్చుకుంటారు. ఆమె లేచి వచ్చి, స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. పాట అయిపోయాక నావైపు తిరిగింది.

"గీయన మా ఆయన గాదు కొడుకా."

"ఆయనే అవ్వా. ప్లేటు మీద పేరున్నది సూడు."

"పేరుంటే ఉండనీ. ఉరుకుతున్నడు. మా ఆయన గింత జోరుగ పాడడు. జనరేటర్ మీద నడిపినవా ఏంది?"

నాకు నవ్వొచ్చింది. అది కార్ఖానాలో అందరూ అనే మాట. జనరేటర్ మీద సాంచె జోరెక్కుతుంది, పోగులు తెగుతాయి.

"అవ్వా, గిది కంప్యూటర్. సాంచె గాదు," అన్నాను.

"బురా మత్ మానో అన్నా, ఏమనుకోకు," అంది రూతు నా దగ్గరికి జరిగి. "లూమ్‌ల పనిజేసి అవ్వకు చెవులు పోయినయ్. సునాయీచ్ నై దేతా." తర్వాత సీడీ సంచిలో వేసుకుంటూ తల్లితో అంది: "నాయిన గొంతు సన్నగున్నది. నాది నాయిన గొంతు గాదు. గిన్నేండ్లు ఊకెనే చెప్పినవ్ అవ్వా."

సువార్తమ్మ కూతురి పెదవుల వైపే చూస్తోంది. నేను తలుపు దాకా సాగనంపి, అందరికీ చెప్పే మాటే వాళ్ళకూ చెప్పాను: "ఇగ ప్లేటు పని అయిపోయింది, సీడీ ఉంటే చాలు."

ఉస్తాద్ చెప్పిన వరసను తలకిందులు చేశాను. ముందే గిరాకీని అనుమానించాను, అక్కడితోనే ఆగిపోయాను.

పన్నెండు సెకన్లు

రెండు మూడు నెలల తర్వాత ఒకాయన తన సీడీ గీతలు పడి పాడైందని, ఇంకోటి చేసిమ్మని వచ్చాడు. నా దగ్గర ఫైలు లేదు. రికార్డు మళ్ళీ తెప్పించుకుని, తొందరపెడుతున్నాడని మామూలు రోజునే, మామూలు కరెంటు మీద తిప్పాను. పాత సీడీ మీద చూపిన నిడివి కంటే పాట పన్నెండు సెకన్లు ఎక్కువ వచ్చింది. మూడు నిమిషాల పైచిలుకు పాటలో పన్నెండు సెకన్లు! కంప్యూటర్‌ను తిట్టుకుంటూ మళ్ళీ తిప్పాను. మళ్ళీ అంతే.

అప్పుడు కూలబడి ఆలోచించాను. పాత సీడీ జనరేటర్ మీద తిప్పిన రోజుది. నా పళ్ళెం తిప్పే మోటారు కరెంటు లయను బట్టి తిరిగే రకం. కరెంటు సెకనుకు యాభైసార్లు కొట్టుకోవాలి. జనరేటర్ మీద బరువు తక్కువైతే అది జోరెక్కి యాభై మూడు, యాభై నాలుగు కొడుతుంది. సాంచెలు ఆగిన రోజున సేఠ్ జనరేటర్ మీద నాలుగు ఫ్యాన్లు, నా గది తప్ప ఏముంది? పళ్ళెం జోరెక్కింది, పాట ఉరికింది, గొంతు సన్నబడింది. కంప్యూటర్‌కు తన గడియారం తనకుంది. అది జోరెక్కదు, వచ్చినదాన్ని వచ్చినట్టే రాసుకుంది.

వేగం సరిచూడటానికి పళ్ళెం అంచున చుక్కలుంటాయి కదా అని పని తెలిసినవాళ్ళు అడుగుతారు. ఉంటాయి. చిన్న దీపం వెలుగులో ఆ చుక్కలు కదలకుండా నిలిచినట్టు కనిపిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు. ప్రతిసారీ చూసేవాణ్ణి, ప్రతిసారీ నిలిచే ఉండేవి. ఎందుకు నిలవవు? దీపం వెలిగేదీ ఆ జనరేటర్ మీదే. దొంగకు దొంగే సాక్షి.

సాలోళ్ళ ఇంట్లో పుట్టి, సాంచెల మోటార్ల మీద చేతులు కాల్చుకున్నవాణ్ణి. జనరేటర్ మీద మోటారు జోరెక్కుతుందని నాకు తెలియదా? తెలుసు. నా బల్ల మీదున్నదీ ఒక మోటారేనని మరిచిపోయాను. కంప్యూటర్ పక్కన కూర్చునేసరికి కార్ఖానా తెలివి నాకు అక్కర్లేదనిపించింది. కండెలు చుట్టే మనిషి అరచేత్తో పట్టుకున్న తప్పును నవ్వి కొట్టిపారేశాను.

జనరేటర్ మీద తిప్పిన రికార్డుల వాళ్ళందరికీ కబురు చేసి, మళ్ళీ చేసి ఇచ్చాను. సగంమంది "మంచిగనే ఉన్నది గద, ఇడువు" అన్నారు. వాళ్ళ సంగతి సరే. నన్ను పొడుస్తున్నది రూతు మాట. ఆ పిల్ల తన తల్లి అబద్ధం చెప్పిందనుకుని మెట్లు దిగింది. అందుకు ఆధారం నేను గుండ్రటి అక్షరాలతో రాసిచ్చిన సీడీ.

కాల్హేర్ గది

వెతుక్కుంటూ పోతే శాంతి నగర్‌లో వాళ్ళ గదికి తాళం. రూతుకు ఊరి బయట కాల్హేర్‌లో ఒక గోదాములో ప్యాకింగ్ పని దొరికిందని, తల్లీకూతుళ్ళు అక్కడికే మారారని సంఘం వాళ్ళు చెప్పారు. అంజూర్ ఫాటా కూడలిలో లారీల మధ్య గంటసేపు ఇరుక్కుని, స్కూటర్ మీద వెళ్ళాను. రూతే తలుపు తీసింది. జరిగిందంతా చెప్పి, రికార్డు ఒక్కసారి ఇమ్మన్నాను.

"ప్లేటా? ఇల్లు మారేటప్పుడు భంగార్‌ల ఏసిన అన్నా," అంది. "నువ్వే అన్నవ్ గద, సీడీ ఉంటే చాలని."

పాత సామాన్లతో పాటు తూకానికి వేసేసిందన్నమాట. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది రాసిపెట్టుకోండి: ప్లేటు పారెయ్యమని ఎవరికీ చెప్పకండి. నేను నూరేళ్ళుంటాయని చెప్పి ఇచ్చిన సీడీలు కొన్ని పదేళ్ళకే పొలుసులు రాలాయి. ఆ ప్లేట్లేమో వాళ్ళ తాతల కాలం నుంచి ఉన్నవి.

ఇక మిగిలింది రూతు దగ్గర అడిగి తెచ్చుకున్న సీడీలోని ఉరికే పాట. దాన్ని కంప్యూటర్‌లో నెమ్మది చెయ్యొచ్చు. కానీ ఎంత? జనరేటర్‌ను కొలిచి చూస్తే ఒక్కోరోజు ఒక్కోలా ఉంది. నూటికి మూడు తగ్గిస్తే ఒక గొంతు, ఎనిమిది తగ్గిస్తే ఇంకో గొంతు. రెండూ మనిషి గొంతులే. వాటిలో యాకోబు ఎవరో కంప్యూటర్ చెప్పలేదు. సంఘంలో పాతవాళ్ళను అడిగితే "మస్తు పాడుతుండె" అన్నారు, అంతకుమించి గుర్తులేదు. ఇక చెప్పగలిగింది సువార్తమ్మ ఒక్కతే.

ఒకే సీడీ మీద ఆ పాటను ఎనిమిదిసార్లు రాశాను. ఒక్కోటీ ఒక్కో వేగం, వరస కలగాపులగం. మూడోదీ ఏడోదీ మాత్రం ఒకే వేగంతో పెట్టాను. ఎందుకంటే, నిజం చెప్పాలి, అప్పటికీ ఆమె చేతి మీద నాకు పూర్తి నమ్మకం కుదరలేదు. కరీం ఉస్తాద్ దగ్గర పెద్ద చెక్క స్పీకరు అడిగి తీసుకుని, స్కూటర్‌కు కట్టుకుని, ఆదివారం ప్రార్థన ముగిసే వేళకు వాళ్ళ గదికి వెళ్ళాను.

సువార్తమ్మ నేల మీద కూర్చుని, పెట్టె మీద ఎడమ అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. మొదటిది మొదలవగానే "జోరు" అంది. రెండోదానికి మొహం చిట్లించింది. "ఈడుస్తున్నది. బెల్టు జారిన సాంచె లెక్క." మూడోదానికి ఏమీ అనకుండా చివరిదాకా చెయ్యి ఉంచింది. నాలుగు, ఐదు, ఆరు ఒక్కొక్క మాటతో తోసేసింది. ఏడోదాంట్లో పట్టుమని నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, కళ్ళు తెరిచి నావైపు చూసింది.

"గిది ఇందాకటిదే గద. మల్లెందుకు ఏసినవ్? నాకు పరీచ్చ వెడుతున్నవా కొడుకా?"

పట్టుబడిపోయి నవ్వాను. "నీకెట్ల తెలిసిందవ్వా?"

"గా కంజిర కొట్టింది ఎవలనుకున్నవ్? నేనే. గప్పుడు రూతు నా కడుపుల ఉండె. నా చెయ్యి నాకు ఎర్కుండదా?"

రికార్డు మీద యాకోబు పేరొక్కటే ఉంది. ఆ పాటలో ఇంకెవరున్నారని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ కంజిర దెబ్బను గంటల తరబడి విన్నాను. దాన్ని కొట్టిన చెయ్యి నా దుకాణానికే వచ్చి చెబితే, చెవిటిదని పంపించేశాను.

ఆమె ఎంచినదాన్ని మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. గొంతు కిందికి దిగింది, బరువెక్కింది. చరణం చివర యాకోబు తీసుకునే ఊపిరి పొడుగ్గా వినిపించింది. ముందు సీడీలో అది చటుక్కున దాటిపోయేది. నూగు పట్టిన ఊపిరితిత్తులతో, తొందరపడకుండా పాడుతున్నాడు. రూతు నోటి మీది చున్నీ ఎప్పుడు జారిందో నేను చూడలేదు. రెండో చరణానికి తండ్రితో కలిసి పాడుతోంది. చర్చిలో ఎప్పుడూ పాడే పాటే కదా, మాటలన్నీ తెలుసు. రెండు గొంతులూ ఒకే ఇంటివని చెప్పడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

సువార్తమ్మకు అదంతా ఏమాత్రం వినిపించిందో నాకు తెలియదు. కూతురి పెదవులు కదలడం మాత్రం చూసింది. ఎడమ చెయ్యి స్పీకరు మీదే ఉంచి, కుడి చెయ్యి చాచి రూతు గొంతు మీద ఆనించింది. పాట అయిపోయేదాకా అలాగే ఉండి, అప్పుడు అంది:

"రెండు ఒక్కతీర్గనే నడుస్తున్నయ్ బిడ్డా. నీకు అబద్ధం చెప్తనా?"